రహస్యంగా ఉంచుతానన్న మాట ఒకవైపు, నేరుగా అడిగిన చెల్లి ఒకవైపు

4 నెలల క్రితం మా చర్చి సంఘంలోని ఒక స్నేహితుడు ప్రార్థన చేయమంటూ తన అప్పుల సంగతి చెప్పాడు. జీతంలో సగం వాయిదాలకే పోతోందట. ఎవరికీ చెప్పనని మాట ఇచ్చాను. ఆ తర్వాత అతనికి మా పిన్ని కూతురితోనే పెళ్లి కుదిరింది. ఇంకా 5 వారాలే ఉంది.

నువ్వే చెప్పెయ్ అని అతనికి రెండుసార్లు చెప్పాను. మొదటిసారి సరేనన్నాడు, రెండోసారి "పెళ్లయ్యాక చెప్తాలే" అన్నాడు. పేర్లు ఎత్తకుండా పాస్టర్‌గారిని అడిగితే ప్రార్థన చేయమన్నారు. చేస్తూనే ఉన్నాను. పోయిన ఆదివారం చెల్లే అడిగింది, "అన్నయ్యా, అతనికి అప్పులేమైనా ఉన్నాయా?" అని. "అతన్నే అడుగు" అని తప్పించుకున్నాను. అబద్ధమైతే కాదు, నిజాయితీ అని కూడా అనలేను. ఆమె అడిగిందట, లేవన్నాడట.

బైబిల్లో సామెతలు 11:13 నమ్మకమైనవాడు సంగతి దాస్తాడంటుంది. ఎఫెసీయులకు 4:25 పొరుగువాడితో సత్యమే మాట్లాడమంటుంది. మత్తయి 18:15 ప్రకారం ఒంటరిగా మాట్లాడటం అయిపోయింది. తర్వాతి వచనం ఒకరిద్దరిని వెంటబెట్టుకెళ్లమంటుంది, కానీ వాళ్లకు చెప్పినా మాట తప్పినట్టే కదా!

అతనికి ఒక గడువు పెట్టి, అప్పటికీ చెప్పకపోతే నేనే చెల్లికి చెప్పడం వాక్యానుసారమేనా?