కొత్త కారు ఆయిల్ వెయ్యికే దించేయాలా, పదివేల దాకా ఆగాలా?

కానూరు కుర్రాడు:
రెండు నెలల కిందట కొత్త పెట్రోల్ కారు కొన్నాం. ఇంతకుముందు ఉన్నది సెకండ్‌హ్యాండ్. వెయ్యి కిలోమీటర్ల సర్వీసుకి ఇస్తే చెక్ చేసి, కడిగి ఇచ్చేశారు. ఆయిల్ మార్చలేదేమని అడిగితే పదివేల కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందొస్తే అప్పుడు అన్నారు. బండితో ఇచ్చిన పుస్తకంలోనూ అదే ఉంది. మా పాత కారును పదిహేనేళ్లు కాపాడిన ఆటోనగర్ మెకానిక్ బాబాయి మాత్రం "ముందు ఆ ఆయిల్ దించెయ్, అందులో ఇనుప రజను ఉంటుంది" అంటున్నాడు. నాన్నకి ఆయన మాట వేదం. నాకు టెన్షన్‌గా ఉంది. ఎవరి మాట వినాలి?

షెడ్డు మనిషి:
మీ బాబాయి చెప్పింది నిజం. నేను ఇరవై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. కొత్త ఇంజిన్‌లో పిస్టన్ చుట్టూ ఉండే రింగులు సిలిండర్ గోడల మీద రాసుకుంటూ కుదురుకుంటాయి. ఆ రాపిడిలో రాలే సన్నటి పొడి ఆయిల్లోకే వస్తుంది. మీ బైకు సంగతి గుర్తు తెచ్చుకోండి. 500 నుంచి 1000 కిలోమీటర్ల లోపు మొదటి సర్వీసులోనే ఆయిల్ మారుస్తారు కదా! ఆ ఆయిల్‌ని ఎండలో పెట్టి చూస్తే వెండి పూత పూసినట్టు మెరుస్తుంది. బైకుకి అవసరమైనది కారుకి ఎందుకు అక్కర్లేదు? మూడు వేల లోపు ఖర్చుకి వెనకాడి లక్షల ఇంజిన్ మీద ఎందుకు ప్రయోగం?

బ్రాడీపేట:
అన్నా, మీ అనుభవానికి గౌరవం ఇస్తూనే చెబుతున్నాను, బైకుని కారుతో పోల్చకూడదు. గేర్ల బైకుల్లో చాలావాటికి ఇంజిన్‌కీ, గేర్లకీ, క్లచ్‌కీ ఒకటే ఆయిల్. ఒక లీటరు మూడు పనులు చేయాలి. గేర్ల పళ్ల పొడి, క్లచ్ ప్లేట్ల పొడి అంతా దాంట్లోనే. కారులో గేర్‌బాక్స్ ఆయిల్ వేరు. పైగా పంపు నుంచి వచ్చే ఆయిల్ ఫిల్టర్ దాటాకే బేరింగుల దగ్గరికి వెళ్తుంది. మీరనే పొడిలో చాలా భాగం అక్కడే ఆగిపోతుంది. పాతరోజుల మాటలు ఆ రోజుల ఇంజిన్లకి, ఆ రోజుల ఆయిళ్లకి సరిపోయాయి. 2020 ఏప్రిల్ నుంచి మనకు వస్తున్న బీఎస్6 (కొత్త కాలుష్య ప్రమాణం) ఇంధనంలో గంధకం 10 పీపీఎం లోపే, అంటే పది లక్షల వంతుల్లో పదికి మించదు. దాని ముందు ప్రమాణమైన బీఎస్4లో అది 50. గంధకం తగ్గితే ఆయిల్లో చేరే ఆమ్లం కూడా తగ్గుతుంది. పుస్తకం రాసినవాళ్లకు ఇదంతా తెలుసు.

ఇంకో మాట. అనవసరంగా దించిన ప్రతి మూడున్నర లీటర్లూ ఎక్కడికి పోతాయో ఆలోచించండి. బెజవాడ ఊళ్లోంచి మూడు కాలవలు పారుతున్నాయి.

సింగ్‌నగర్:
ఇద్దరూ కిలోమీటర్ల లెక్కే చూస్తున్నారు. ఇంజిన్‌కి కిలోమీటర్లతో పాటు గంటలు కూడా లెక్కే.

కానూరు తమ్ముడూ, ముందు నీ కారు మీటర్లో సగటు వేగం ఎంత చూపిస్తోందో చూడు. బందరు రోడ్డు మీద, బెంజ్ సర్కిల్ కింద ఏసీ వేసుకుని నిలబడే బండికి 16 దాటదు. గంటకు 16 చొప్పున పదివేల కిలోమీటర్లంటే ఇంజిన్ 625 గంటలు తిరుగుతుంది. రోజూ హైవే మీద గుంటూరు వెళ్లొచ్చే బండి సగటు 50 ఉందనుకో, అదే పదివేలకి 200 గంటలు. ఆయిల్ పడే కష్టంలో మూడింతల తేడా. మీటర్ మీద మాత్రం రెండూ ఒకటే అంకె.

అందుకే పుస్తకంలో పదివేలని రాసిన సర్వీసు పట్టిక దగ్గరే ఆగిపోవద్దు, చుట్టుపక్కల పేజీలు కూడా చదువు. దుమ్ము, తక్కువ దూరాల ప్రయాణం, ఆగి ఆగి నడిచే ట్రాఫిక్, విపరీతమైన ఎండ ఉంటే ముందే మార్చమని చాలా కంపెనీలు వేరేగా రాస్తాయి. మే నెల బెజవాడలో ఇవన్నీ ఒకేసారి ఉంటాయి. అంటే మనలో చాలామందికి వర్తించేది ఆ పేజీయే. దాని గురించి షోరూంలో మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. నాకు బాధంతా అక్కడే.

నా సంగతి చెబుతాను. నా మొదటి డీజిల్ కారు ఏడాదికి ఏడువేలు కూడా తిరిగేది కాదు. "ఇంకా పదివేలు కాలేదుగా" అని పదహారు నెలలు లాగించాను. ఏడాది అన్న మాటను పట్టించుకోలేదు. దించినప్పుడు ఆయిల్ బెల్లం పాకంలా వచ్చింది. తర్వాత కొన్నాళ్లకి టర్బో (ఇంజిన్‌లోకి గాలిని నెట్టే భాగం) పోయింది. టర్బోకి ఆయిల్ తీసుకెళ్లే సన్నటి గొట్టంలో జిగురు పేరుకుందని విప్పి చూపించారు. ఆ బిల్లు కట్టిన రోజు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేకపోయాను.

కాబట్టి నా మాట: వెయ్యికి దించక్కర్లేదు, పదివేల దాకా ఆగొద్దు. ఐదువేలు లేదా ఆరు నెలలు, ఏది ముందైతే అది. ప్రతిసారీ ఫిల్టర్ కూడా మార్చాలి. బిల్లులు దాచిపెట్టుకో, రేపు వారంటీ దగ్గర పనికొస్తాయి.

ఆయిల్ నల్లబడిందని కంగారు పడకు. మసిని తనలో కలుపుకుని ఇంజిన్ గోడలకు అంటనివ్వకపోవడం ఆయిల్ పనే. రంగు చూసి నిర్ణయించలేం.

గ్రేడ్, అంటే ఆయిల్ చిక్కదనం, మాత్రం మార్చనివ్వకు. "మన ఎండకి చిక్కటిది మంచిది" అని 20డబ్ల్యూ-40 పోసేవాళ్లున్నారు. పుస్తకం 0డబ్ల్యూ-20 అంటే అదే పోయాలి. ఇప్పటి ఇంజిన్లలో సందులు సన్నవి, చాలావాటిలో వాల్వుల టైమింగ్ కూడా ఆయిల్ ఒత్తిడితోనే మారుతుంది.

మిర్చి యార్డు:
డీజిల్ వాళ్లకు ఒక మాట. నాది బీఎస్6 బండి, గుంటూరు ఊళ్లోనే తిరుగుతుంది. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) తీస్తే ఆయిల్ తగ్గాల్సింది పోయి పై గీత దాటింది! సైలెన్సర్ దారిలో పొగలోని మసిని పట్టి ఉంచే డీపీఎఫ్ అనే ఫిల్టర్‌లో మసిని కాల్చడానికి ఇంజిన్ అదనంగా డీజిల్ కొడుతుందట. అందులో కొంత రింగుల పక్కనుంచి కిందికి జారి ఆయిల్లో కలుస్తోంది. ఎనిమిదివేలకే మార్పించాను. ఆయిల్ పెరిగిందని సంబరపడకండి, అది పలచబడిన ఆయిల్.

షెడ్డు మనిషి:
సింగ్‌నగర్ గారి గంటల లెక్క బాగుంది. మేం ఆటోలకి, ట్రాక్టర్లకి చూసేది అదే, కార్ల దగ్గరకొచ్చేసరికి మర్చిపోతున్నాం. ఐదువేలంటే నేనూ ఒప్పుకుంటాను. కాకపోతే ఆ లోపు కొత్త ఇంజిన్ని ఒకే వేగంతో గంటలకొద్దీ తోలకండి, గట్టిగా రేజ్ చేయకండి. రింగులు సరిగ్గా కుదురుకోవడం దాని మీదే ఉంటుంది. బ్రాడీపేట గారూ, మా షెడ్డులో దించిన ఆయిల్ డ్రమ్ములోకే పోతుంది, కొనేవాళ్లొచ్చి తీసుకెళ్తారు. కాలవలో పోసేవాళ్లు లేరని మాత్రం అనను, అది తప్పే. ఆయిల్ కొన్నవాళ్లు ఖాళీ డబ్బాకి కన్నం పెట్టి పారేయండి, లేకపోతే అందులోనే నకిలీది నింపి మళ్లీ అమ్ముతారు.

బ్రాడీపేట:
ఆరు నెలలకి నాకు అభ్యంతరం లేదు. హైవే బండికి మాత్రం పదివేలే అంటాను.

కానూరు కుర్రాడు:
మీటర్ చూశాను, సగటు 17. పుస్తకంలో నాలుగు పేజీల తర్వాత సింగ్‌నగర్ అన్న చెప్పిన పేజీ నిజంగానే ఉంది. ఫొటో తీసి బాబాయికి పంపాను. వెయ్యికి వద్దు, ఐదువేలకి తన దగ్గరే, పుస్తకంలో ఉన్న గ్రేడే పోయాలని ఒప్పుకున్నాడు. అప్పటిదాకా ప్రతి ఆదివారం పొద్దున్నే, బండి తీయకముందు, చదునైన చోట డిప్‌స్టిక్ చూడమన్నాడు. ఇవాళ చూశాను, రెండు గీతల మధ్యలో ఉంది.