జపాన్‌లో పాత స్పోర్ట్స్ కారు: ఆర్‌ఎక్స్-8 కొనవచ్చా, 86తో సరిపెట్టుకోవాలా?

నిషికసాయ్ నాన్న
అందరికీ నమస్కారం. టోక్యోలో ఇది మాకు నాలుగో ఏడు. ఇంకో మూడేళ్ళుండి హైదరాబాద్ వెళ్ళిపోదామని ఇంట్లో అనుకున్నాం. ఆ లోపల ఒక్క స్పోర్ట్స్ కారైనా సొంతంగా నడపాలని నా కోరిక. విజయవాడలో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో మాజ్దా ఆర్‌ఎక్స్-8 ఫొటో చూశాను. ముందు తలుపు మామూలుగా తెరుచుకుంటుంది, వెనక తలుపు వెనక్కి తెరుచుకుంటుంది, మధ్యలో స్తంభం ఉండదు. అప్పటి నుంచీ ఆ బండి నా మనసులోనే ఉంది.

సైతామాలో ఒక షాపులో రెండు బండ్లు చూశాను. ఒకటి 2005 ఆర్‌ఎక్స్-8 టైప్ ఎస్: ఆరు గేర్ల మాన్యువల్, 250 పీఎస్, 78 వేల కిలోమీటర్లు, మొత్తం ధర 11 లక్షల యెన్లు. రెండోది 2015 టొయోటా 86: 200 పీఎస్, 62 వేల కిలోమీటర్లు, 18 లక్షలు. నా బడ్జెట్ 20 లక్షలు. పాపకి నాలుగేళ్ళు కాబట్టి రెండు సీట్ల రోడ్‌స్టర్ వద్దనుకున్నాం. "13 ఏళ్ళు దాటిన బండి కొంటే జీతం పన్నులకే పోతుంది" అని ఆఫీసులో జపనీస్ మిత్రుడు భయపెడుతున్నాడు. మీ సలహా కావాలి.

నాగోయా ఇంజనీర్
తమ్ముడూ, 86 తీసుకో. నేను పదకొండేళ్ళుగా ఇక్కడ ఆటో విడిభాగాల రంగంలో ఉన్నాను. ఆర్‌ఎక్స్-8లో ఉండేది రోటరీ ఇంజన్. అందులో పిస్టన్లు ఉండవు, ముక్కోణపు రోటర్ తిరుగుతుంది. దాని మూడు కొసల్లో ఉండే ఎపెక్స్ సీళ్ళు అరిగితే కంప్రెషన్, అంటే లోపలి గాలిని నొక్కిపట్టే ఒత్తిడి, పడిపోతుంది. వాటిని తడిగా ఉంచడానికి ఇంజన్ ఆయిల్‌ని కావాలనే మంటగదిలోకి పంపిస్తారు, కాబట్టి ఆయిల్ తాగడం దాని సహజ గుణం. 86 ఇంజన్‌ని ఏ ఊరి మెకానిక్కైనా ముట్టుకుంటాడు. రోటరీ అంటే చాలామంది చేతులెత్తేస్తారు. మూడేళ్ళలో వెళ్ళిపోయేవాడివి, అమ్మేటప్పుడు 86 సులువుగా పోతుంది. ఏడు లక్షలు తక్కువ అని చూడకు, ఆ తేడా ఇంజన్ మింగేస్తుంది.

రోటరీ ప్రేమికుడు, షిజువోకా
నాగోయా అన్నతో ఇంజన్ విషయంలో సగం ఒప్పుకుంటాను. కానీ ముందు ఆ పన్నుల భయం సంగతి తేల్చాలి. లెక్క వేయకుండానే అందరూ ఇదే మాట అంటారు.

ఆర్‌ఎక్స్-8 ఇంజన్ 1308 సీసీ. రోటరీకి పన్ను లెక్కలో 1.5తో హెచ్చిస్తారు, అంటే 1962 సీసీ. కాబట్టి ఇది 86 లాగే రెండు లీటర్ల శ్రేణిలో పడుతుంది. 2015 బండికి ఏటా వాహన పన్ను 39,500 యెన్లు. 13 ఏళ్ళు దాటిన పెట్రోల్ బండికి సుమారు 15 శాతం ఎక్కువ, అంటే 45,400. తేడా 5,900. ఇక రెండేళ్ళకోసారి షాకెన్ తనిఖీలో కట్టే బరువు పన్ను. ఒకటి నుంచి ఒకటిన్నర టన్నుల బండికి మామూలుగా 24,600, 18 ఏళ్ళు దాటితే 37,800. అంటే ఏడాదికి 6,600 తేడా. రెండూ కలిపితే 12,500. నెలకు వెయ్యి యెన్ల చిల్లర! దీనికోసం ఇరవై ఏళ్ళ కోరిక వదులుకోవాలా?

అసలు అడగాల్సింది కంప్రెషన్ రిపోర్ట్. మామూలు గేజ్ పనికిరాదు, రోటరీకి వేరే టెస్టర్ ఉంటుంది. మాజ్దా డీలర్ దగ్గర కొలిపించుకోవచ్చు. రెండు రోటర్లు, ఒక్కోదానికి మూడు గదులు, మొత్తం ఆరు అంకెలు వస్తాయి. అందులో 6.9 (చదరపు సెంటీమీటరుకి కిలోల లెక్కన) కంటే ఏది దిగినా ఆ ఇంజన్ విప్పాల్సిందే. షాపువాడు కొలవనివ్వకపోతే నమస్కారం పెట్టి వచ్చేయండి. ఆ పరీక్షకయ్యే డబ్బు దగ్గర వెనకాడితే ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టే.

నీగాతా మంచు
ఇంజన్ గురించే అందరూ మాట్లాడుతున్నారు. బండి అడుగు ఎవరైనా చూశారా? మా వైపు చలికాలంలో రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. నేను మొదట కొన్న బండికి పైన రంగు అద్దంలా మెరిసేది. మొదటి షాకెన్‌కి లిఫ్ట్ ఎక్కించాక మెకానిక్ నన్ను కిందికి పిలిచి స్క్రూడ్రైవర్‌తో ఒకచోట నొక్కాడు. పెచ్చు ఊడి ఎర్రటి పొడి నా చేతి మీద పడింది. ఆ రోజు తిన్న దెబ్బ ఇప్పటికీ మర్చిపోలేదు.

ఫోన్ టార్చ్ పట్టుకుని వెనక సస్పెన్షన్ చేతులు, బోల్టు తలలు, తలుపుల కింది అంచు లోపలి వైపు చూడండి. ఇదివరకు ఏ జిల్లాలో తిరిగిందో సర్వీసు పుస్తకంలో ముద్రలు చెబుతాయి. షూఫుకురేకి గురించి కూడా సూటిగా అడగండి. బండి అస్థిపంజరానికి దెబ్బ తగిలి బాగుచేయించిన చరిత్రను ఆ మాటతో చెబుతారు. బంపర్ మార్చినా, డోర్ మార్చినా అందులోకి రాదు. కాబట్టి "షూఫుకురేకి లేదు" అన్నంత మాత్రాన గుద్దుకోని బండి అని కాదు.

యోకోహామా అక్క
మేము 86 నాలుగేళ్ళు వాడి అమ్మేశాం. బండి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు, అంత మంచి స్టీరింగ్ నేను ఇంకెక్కడా చూడలేదు. కానీ తమ్ముడూ, పాపని వెనక కూర్చోబెట్టాలంటే ముందు సీటు మడిచి, నడుం వంచి, చైల్డ్ సీటు బెల్టు కోసం చీకట్లో తడుముకోవాలి. వానలో ఒక చేత్తో గొడుగు పట్టుకుని ఆ పని చేసినప్పుడల్లా ఏడుపొచ్చేది. ఆరేళ్ళ లోపు పిల్లలకి ఇక్కడ చైల్డ్ సీటు తప్పనిసరి, తప్పించుకునే దారి లేదు. ఈ ఒక్క విషయంలో ఆర్‌ఎక్స్-8 వెనక తలుపులకే నా ఓటు.

అన్నిటికంటే ముందు ఒక ప్రశ్న. మీ జపాన్ లైసెన్సు మీద ఆటోమేటిక్‌కే పరిమితమని ఉందా? అపార్ట్‌మెంట్‌లో పార్కింగ్ దొరికిందా? ఇంటికి రెండు కిలోమీటర్ల లోపల పార్కింగ్ చూపించి పోలీస్ స్టేషన్‌లో షాకో షోమేయ్ అనే పార్కింగ్ ధ్రువపత్రం తీసుకోకుండా బండి మీ పేరు మీదికి రాదు. మెషిన్ పార్కింగ్ అయితే వెడల్పు పరిమితి చూసుకోండి. మా బిల్డింగ్‌లో 1800 మిల్లీమీటర్లు. 86 వెడల్పు 1775, ఆర్‌ఎక్స్-8 1770, రెండూ పట్టేస్తాయి. ఇంకా వెడల్పైన నిస్సాన్ ఫెయిర్‌లేడీ జెడ్34 కొత్తగా కొన్న మా పక్కింటాయన బండి పట్టక బయట వేరే స్థలం అద్దెకి తీసుకున్నారు.

నిషికసాయ్ నాన్న
అక్కా, మీరు అడిగాక లైసెన్సు తీసి చూశాను. ఆటోమేటిక్‌కే పరిమితమని ఉంది. మన లైసెన్సు మార్చుకునేటప్పుడు తేలిగ్గా పాసవుతానని ఆటోమేటిక్‌లో పరీక్ష ఇచ్చాను, ఆ తర్వాత ఆ మాటే మర్చిపోయాను. చాలా టెన్షన్ తప్పించారు.

యోకోహామా అక్క
కంగారు పడకండి. డ్రైవింగ్ స్కూల్లో కనీసం నాలుగు గంటల తరగతులతో ఆ పరిమితి తీసేయించుకోవచ్చు. అది అయ్యేదాకా అడ్వాన్సు కట్టకండి.

చిబా పాత కాపు
నాది వేరే మాట. అసలు కొనడం దేనికి? నెలకు రెండు ఆదివారాలు నడపడానికి పార్కింగ్ అద్దె, ఇన్సూరెన్స్, షాకెన్, హైఒక్ (ఎక్కువ ఆక్టేన్) పెట్రోలు... మొదటిసారి ఇన్సూరెన్స్ తీసుకునేవాళ్ళు ప్రమాదాలు లేకుండా నడిపేకొద్దీ పైకెక్కే గ్రేడుల్లో ఆరోదాని నుంచి మొదలవుతారు, ప్రీమియం బరువుగానే ఉంటుంది. స్పోర్ట్స్ కార్లు రోజు అద్దెకిచ్చేవాళ్ళు ఉన్నారు. ఈ నెల ఆర్‌ఎక్స్-8, వచ్చే నెల హోండా ఎస్2000 నడుపుకోవచ్చు. కొనే తీరాలంటే స్విఫ్ట్ స్పోర్ట్ చూడు. 970 కిలోల బరువు, 1.4 లీటర్ టర్బో, ఐదుగురు కూర్చోవచ్చు.

రోటరీ ప్రేమికుడు, షిజువోకా
బాబాయ్, అద్దె బండి సాయంత్రం ఎనిమిదికి తిరిగివ్వాలి. తెల్లవారుజామున ఐదింటికి లేచి, బండి వేడెక్కే దాకా నెమ్మదిగా నడిపి, ఇజు కొండల మీద సూర్యుడు వచ్చేసరికి తొమ్మిది వేల ఆర్‌పీఎం దాకా ఎక్కించడం అద్దెకి దొరకదు. నా ఇంజన్ ఒకసారి మార్పించాను, ఏడు లక్షలు అయింది. అది దాచను. అయినా ఇదే బండి మళ్ళీ కొంటాను.

నాగోయా ఇంజనీర్
నువ్వు చెప్పిన ఆ ఏడు లక్షలే ఈ తమ్ముడి 86కీ ఆర్‌ఎక్స్-8కీ ఉన్న తేడా. అందుకే నా మాట మీదే ఉన్నాను. తమ్ముడూ, నువ్వు ఆర్‌ఎక్స్-8 కొనేటట్టయితే ఆ ఏడు లక్షలు బ్యాంకులో విడిగా పెట్టు, ముట్టుకోకు. ఇంకోటి, బండిని వెంట తీసుకెళ్ళే ఆశ ఉంటే వదిలెయ్. మూడేళ్ళు దాటిన పాత కారుని మన దేశం దిగుమతికి ఒప్పుకోదు.

నిషికసాయ్ నాన్న
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. లైసెన్సు పరిమితి తీసేశారు. నిన్న మళ్ళీ సైతామా వెళ్ళాం. ఆర్‌ఎక్స్-8ని అరగంట నడిపి, ఆపి, పది నిమిషాలాగి మళ్ళీ స్టార్ట్ చేశాను. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఒక్క తాళానికే అందుకున్న ఇంజన్ ఈసారి గుర్రు గుర్రుమంటూ ఎనిమిది సెకన్లు లాగింది. షాపాయన కాదనకుండా కంప్రెషన్ కొలిపించాడు. ముందు రోటర్ 7.6, 7.5, 7.6. వెనక రోటర్ 6.7, 6.9, 6.6. ఆయనే కాగితం నా చేతిలో పెట్టి తల వంచాడు. వదిలేశాను.

86లో మా ఆవిడ పాపని చైల్డ్ సీటుతో సహా కూర్చోబెట్టి చూసింది. రెండోసారి ప్రయత్నిస్తుంటే పాప తల రూఫ్‌కి తగిలి ఏడ్చింది. అదీ వదిలేశాం.

గున్మాలో 2010 ఆర్‌ఎక్స్-8 ఒకటి ఉంది. ఒకే యజమాని, మూడు నెలల కిందటి కంప్రెషన్ రిపోర్ట్ ఉంది, అన్నీ 8 పైనే. గున్మా కొండల్లో మంచు పడుతుంది కదా, వచ్చే శనివారం పాత లుంగీ ఒకటి తీసుకెళ్తున్నాను, కింద పరుచుకుని టార్చ్‌తో అడుగంతా చూడాలి. నీగాతా అన్నా, ఫొటోలు ఇక్కడే పెడతాను, తుప్పు కనిపిస్తే చెప్పండి.