మావారికి ఫీల్డ్ పోస్టింగ్: పిల్లలతో నేను గోల్కొండలో ఉండాలా, గుంటూరులోనా, ఊళ్ళోనా?

గిద్దలూరు కోడలు:

అందరికీ నమస్కారం. మావారు ఆర్టిలరీలో హవల్దార్. ఇప్పుడు హైదరాబాద్ గోల్కొండలో క్వార్టర్‌లో ఉంటున్నాం. కాశ్మీర్ వైపు పోస్టింగ్ వచ్చింది, మే నెలలో బయల్దేరాలి. ఫీల్డ్ కాబట్టి మమ్మల్ని తీసుకెళ్ళే వీల్లేదు. రెండేళ్ళు, ఇంకాస్త ఎక్కువే కావచ్చు అంటున్నారు.

పాప కేవీలో (కేంద్రీయ విద్యాలయంలో) ఎనిమిదో తరగతి అయిపోవచ్చింది, బాబు రెండో తరగతి. పాపకి సైన్సంటే ప్రాణం, డాక్టర్ అవుతానంటోంది. ఇప్పుడు మా ముందు మూడు దారులున్నాయి. ఎస్‌ఎఫ్ క్వార్టర్‌కి, అంటే భర్త ఫీల్డ్‌లో ఉన్నప్పుడు కుటుంబానికి ఆర్మీ ఇచ్చే క్వార్టర్‌కి, అప్లై చేసి హైదరాబాద్‌లోనే ఉండటం ఒకటి. గిద్దలూరు దగ్గర మా అత్తగారి ఊరికి వెళ్ళటం ఇంకొకటి. మామగారికి మోకాళ్ళు పట్టేశాయి, అత్తయ్యకి షుగరు, మేం వస్తే బాగుంటుందని వాళ్ళ ఆశ. లేదంటే గుంటూరులో మా అక్క ఉంటుంది, వాళ్ళింటి దగ్గర్లో అద్దెకి తీసుకోవచ్చు.

మావారు "నీకు ఎక్కడ ధైర్యంగా ఉంటుందో అక్కడే ఉండు, నేనెక్కడికైనా వస్తా" అంటున్నారు. ఆయన ఆ మాట మనసారా అన్నదే, కానీ దాంతో నిర్ణయం మొత్తం నా నెత్తిన పడింది. ఒంటరిగా పిల్లలతో ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, ఏం చూసుకుని ఇల్లు ఎంచుకున్నారు?

మాధవరం మాజీ ఫౌజీ:

అమ్మా, నేను రిటైరై చాలా కాలమైందండి. మాది తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం, మిలిటరీ మాధవరం అంటారు కదండీ, అదే. మా ఊళ్ళో మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచీ మగాళ్ళు పల్టన్‌కి వెళుతూనే ఉన్నారు, ఆడాళ్ళు ఊళ్ళోనే ఉండి పిల్లల్ని పెంచారు. మా ఆవిడా అంతేనండి. నేను సరిహద్దులో ఉన్నన్నాళ్ళూ మా అమ్మ మంచం పక్కన మా ఆవిడ ఉందన్న ధీమాతోనే ఉన్నాను.

ఇంకో సంగతి. మీ ఆయనకి ఏడాదికి వార్షిక సెలవు 60 రోజులు, క్యాజువల్ 30 రోజులు. అది మొత్తం ఒకేసారి ఇవ్వరు. మీరు ఒకచోటా, తల్లిదండ్రులు ఇంకోచోటా ఉంటే ఉన్న నాలుగు రోజులూ బస్సుల్లోనే గడిచిపోతాయండి. రెండేళ్ళు ఎంతలో గడుస్తాయి? పెద్దవాళ్ళ దగ్గర ఉండండి. నా మాట ఇంతే.

సుబేదార్ గారి ఇల్లాలు:

చెల్లీ, నాది కూడా మీ వైపే, పొదిలి. మావారి ఫీల్డ్ పోస్టింగుల్లో ఒకసారి అత్తగారి ఊళ్ళో ఉన్నాను, ఒకసారి ఎస్‌ఎఫ్ క్వార్టర్‌లో, ఆ తర్వాత సికింద్రాబాద్ యాప్రాల్‌లో అద్దె ఇంట్లో. మూడూ చూశాను కాబట్టి కొంచెం ఎక్కువే రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

బాబాయ్ గారు చెప్పిన సెలవు మాట నిజం. కానీ "రెండేళ్ళు" అన్న దగ్గర నేను ఒప్పుకోను. ఆయన పోస్టింగ్ రెండేళ్ళది, పాప చదువు నాలుగేళ్ళది. 9, 10, ఇంటర్ రెండేళ్ళు. డాక్టర్ సీటు అంటున్నావు కాబట్టి అసలు చూసుకోవాల్సింది అదే.

తెలంగాణలో 2024 జూలైలో మెడికల్ సీట్ల నియమం మార్చారు. 9 నుంచి 12 వరకు వరుసగా నాలుగేళ్ళు ఇక్కడ చదివితేనే లోకల్, అంటే రాష్ట్ర కోటా సీట్లకి అర్హత. దాని మీద కేసులు పడ్డాయి, చివరికి 2025 సెప్టెంబరులో సుప్రీం కోర్టు ఆ నియమాన్నే నిలబెట్టింది. ఆంధ్రాలో కూడా ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్ళు వరుసగా ఎక్కడ చదివారన్నదే మొదట చూస్తారు. విభజన తర్వాత పదేళ్ళు ఉన్న ఉమ్మడి ప్రవేశాలు 2024 జూన్ 2తో అయిపోయాయి. అంటే పాపని రెండేళ్ళు హైదరాబాద్‌లో చదివించి, ఆయన తిరిగొచ్చాక "ఇంక మన ఊరి వైపు పోదాం" అని ఇంటర్‌కి గుంటూరు తీసుకెళ్తే, తెలంగాణలో లోకల్ కాకుండా పోతుంది, ఆంధ్రాలోనూ చిక్కు వస్తుంది. మన పిల్లలు ఊళ్ళు తిరిగేది వాళ్ళ ఇష్టంతో కాదు, తండ్రి ఉద్యోగంతో. అయినా ఫారం నింపేటప్పుడు ఆ నాలుగు స్టడీ సర్టిఫికెట్లే అడుగుతారు. సైనికుల పిల్లల కోటా ఉంది కదా అని ధీమాగా ఉండకు, దానికీ లోకల్ అవునో కాదో చూసుకోవాలి.

కాబట్టి హైదరాబాద్ అయితే నాలుగేళ్ళూ హైదరాబాద్. గుంటూరు అయితే నాలుగేళ్ళూ గుంటూరు. మధ్యలో ఆయనకి పంజాబ్‌లోనో అస్సాంలోనో పీస్ పోస్టింగ్ (కుటుంబాన్ని తీసుకెళ్ళగలిగే పోస్టింగ్) వచ్చినా పాపని కదపకూడదు. ఆ మాట మీరిద్దరూ ఇప్పుడే కూర్చుని అనుకోండి.

ఈ లెక్కన చూస్తే ఎస్‌ఎఫ్ క్వార్టర్ సగం జవాబే. దాంట్లో సుఖం ఉంది, కాదనను. చుట్టూ అందరి మగవాళ్ళూ బయటే ఉంటారు, రాత్రి పిల్లాడికి జ్వరమొస్తే పక్కింటి తలుపు కొట్టడానికి మొహమాటం ఉండదు. గేటు దగ్గర సెంట్రీ ఉంటాడు, క్యాంటీన్ దగ్గర్లోనే ఉంటుంది, తిరుమలగిరిలో మిలిటరీ హాస్పిటల్ ఉంది. కానీ అప్లికేషన్ యూనిట్ నుంచి స్టేషన్ హెడ్‌క్వార్టర్స్‌కి వెళ్ళి, వరుస ప్రకారం వస్తుంది. గోల్కొండలోనే వస్తుందని లేదు, బొల్లారం వైపు రావచ్చు, అప్పుడు స్కూలూ మారుతుంది. ఆయన ఫీల్డ్ అయిపోగానే ఖాళీ చేయాలి. అప్పటికి పాప పదో తరగతి దాటి ఇంటర్‌లో ఉంటుంది, ఆ టైములో ఇల్లు వెతుక్కుంటూ తిరగాలి.

ఊరి సంగతి చెబుతాను. అత్తగారి దగ్గర నాకు ఏ లోటూ జరగలేదు. కానీ పిల్లల్ని కేవీ నుంచి తీసేసి దగ్గర్లోని ప్రైవేటు బడిలో వేశాం. తర్వాత మళ్ళీ కేవీలో చేర్చాలంటే తొమ్మిదో తరగతికి ప్రవేశ పరీక్ష రాయాలి, అదీ ఖాళీ ఉంటే. కేవీ టీసీతో కేవీకే మారితే పరీక్ష లేదు. ఫీల్డ్‌కి వెళ్ళేవాళ్ళ పిల్లల్ని, ఫ్యామిలీ ఎక్కడ ఉండబోతోందో ఆ ఊరి కేవీలో టీసీ మీద చేర్చుకుంటారు. ఇది మనకున్న పెద్ద సౌకర్యం, చేతులారా వదులుకోకు. యూనిట్ నుంచి ఫీల్డ్ పోస్టింగ్ సర్టిఫికెట్ ఒరిజినల్ నీ దగ్గర ఉంచుకో. కేవీలో ఏప్రిల్‌లోనే కొత్త తరగతులు మొదలవుతాయి, ఆయన మేలో వెళ్తారని అప్పటిదాకా ఆగొద్దు.

నన్నడిగితే గుంటూరు. నల్లపాడులో కేవీ ఉంది. అక్క ఉంది. పైగా గిద్దలూరు నుంచి మార్కాపురం, నరసరావుపేట మీదుగా వచ్చే రైలు మార్గం నల్లపాడు మీదనుంచే గుంటూరు పోతుంది. మామగారిని మోకాళ్ళ డాక్టరుకి చూపించాలన్నా, నువ్వు పండక్కి వెళ్ళాలన్నా బస్సు మారే పని లేదు. బాబాయ్ గారూ, మీరన్న పెద్దవాళ్ళ బాధ్యత ఇందులో తీరుతుందనే నా నమ్మకం. హైదరాబాద్ నుంచి అయితే అది కష్టం.

గుంటూరులో లేనిదల్లా మిలిటరీ హాస్పిటల్. అది చిన్న విషయం కాదు, రోజూ మందులు వాడేవాళ్ళు ఇంట్లో ఉంటే ఇంకా. మీరు నలుగురూ ఆరోగ్యంగా ఉంటే మాత్రం దాని కోసం పాప చదువుని పక్కన పెట్టక్కర్లేదు.

డబ్బు విషయం కూడా. క్వార్టర్‌లో ఉంటే హెచ్‌ఆర్‌ఏ, అంటే ఇంటి అద్దె భత్యం, రాదు. బయట ఉంటే, ఫ్యామిలీ ఉండబోయే చోటు ఫలానా అని రాసిచ్చి పార్ట్ టూ ఆర్డర్ (యూనిట్ రికార్డులో ఎక్కించే ఆర్డర్) వేయిస్తే ఆ ఊరి రేటు వస్తుంది. 2024 జనవరి నుంచి హైదరాబాద్‌కి 30 శాతం, గుంటూరుకి 20, పల్లెకి 10. లెక్క కోసం 38 వేల జీతం మీద వేసుకుంటే 11,400, 7,600, 3,800. హైదరాబాద్‌లో ఎక్కువ వస్తుంది కానీ గోల్కొండ దగ్గర లంగర్ హౌస్, టోలిచౌకి వైపు రెండు గదుల ఇంటి అద్దె నీకు తెలిసే ఉంటుంది. ఆ ఆర్డర్ ఆయన బయల్దేరకముందే పడాలి. ఫీల్డ్‌లో చేరాక క్లర్క్‌తో ఫోన్లో మాట్లాడి వేయించుకోవడం పెద్ద పని. సామాను చార్జీలు కూడా ఆ చోటుకే క్లెయిమ్ చేసుకోవాలి.

డాల్ఫిన్ హిల్ సుజ్జి:

అక్కా, మాది శ్రీకాకుళం, మావారు నేవీ. విశాఖలో మాకు క్వార్టర్ రాక ముందు మధురవాడలో ఉండేవాళ్ళం. ఇల్లు బాగుండేది, గాలీ వెలుతురూ బాగుండేవి. కానీ చుట్టుపక్కల అందరూ ఆఫీసు ఉద్యోగాలవాళ్ళు. ఓడ వెళ్ళిందంటే ఎప్పుడొస్తుందో నాకే తెలియదు, "ఇంకా రాలేదా?" అని అడిగేవాళ్ళకి నేనేం చెప్పను? తర్వాత గోపాలపట్నం వైపు మారాం. అక్కడ వీధికి నలుగురైదుగురు నేవీ వాళ్ళుంటారు. ఎవరూ ఏమీ అడగరు. నేవీ హాస్పిటల్ ఐఎన్‌హెచ్‌ఎస్ కళ్యాణికి ఇద్దరం ముగ్గురం కలిసే వెళ్ళేవాళ్ళం.

గుంటూరు వెళితే అక్క ఒక్కతే చాలదు. ఆ కేవీలో ఫౌజీ పిల్లలు ఎవరున్నారో చూసి వాళ్ళమ్మల్ని పరిచయం చేసుకో. ఆయన ఫోన్ రెండు రోజులు కలవకపోతే ఆ కంగారు ఏంటో వాళ్ళకే తెలుస్తుంది. అక్కకి ఎంత ప్రేమున్నా ఆ కంగారు తెలియదు.

మాధవరం మాజీ ఫౌజీ:

సుబేదార్ గారి అమ్మాయీ, మా రోజుల్లో ఈ లోకల్, నాన్ లోకల్ లెక్క ఇంత గట్టిగా లేదండి. పాప డాక్టరీ అంటోంది కాబట్టి మీ మాటకి అడ్డు చెప్పను. అయితే గిద్దలూరు కోడలమ్మా, ఒకటి చేయండి. ఈ నిర్ణయం అత్తమామలకి మీరు చెప్పకండి, అబ్బాయి చేత చెప్పించండి, అదీ ఫోన్లో కాదు, వెళ్ళే ముందు ఇంటికొచ్చి ఎదురుగా కూర్చుని. కోడలు చెబితే కోడలు రానంది అనుకుంటారు. కొడుకు చెబితే మనవరాలి చదువు కోసం అని అర్థం చేసుకుంటారు.

గిద్దలూరు కోడలు:

అక్కా, బాబాయ్ గారూ, సుజ్జీ, మీరు రాసిందంతా రాత్రి మావారికి చదివి వినిపించాను. నాలుగేళ్ళ లెక్క మాకు తట్టనే లేదు. పాప స్కూల్లో కూడా ఎవరూ చెప్పలేదు. ఆయన ఉగాదికి లీవు అడిగారు, ఊరెళ్ళి మామగారితో తనే మాట్లాడతానన్నారు. అటు నుంచి అటే నల్లపాడు వెళ్ళి స్కూలు చూసి రావాలనుకుంటున్నాం. అత్తయ్య వేసవిలో మా దగ్గరికొచ్చి ఉంటే బాగుంటుందని నాకుంది, కాబట్టి మెట్లు లేని ఇల్లు వెతుకుతాం.

ఇల్లు చూసేటప్పుడు ఇంకా ఏమేం చూసుకోవాలి? ఆయన లేకుండా ఎప్పుడూ అద్దెకి ఉండలేదు.

సుబేదార్ గారి ఇల్లాలు:

ఓనరు అదే కాంపౌండులో ఉండే ఇల్లు చూడు. వాళ్ళ ఇంట్లో ఆడవాళ్ళతో నువ్వే మాట్లాడు, మీ ఆయన్ని మాట్లాడనివ్వకు, రేపు నల్లా రాకపోతే అడగాల్సింది నువ్వే. ఆయన లీవులో వచ్చినప్పుడు నెలన్నరైనా ఉంటారని, అత్తమామలు వచ్చిపోతుంటారని ముందే చెప్పెయ్. అగ్రిమెంట్ నీ పేరు మీద రాయించు. గ్యాస్ కనెక్షన్ కూడా నీ పేరు మీదకి మార్పించు, బ్యాంకులో జాయింట్ అకౌంట్ లేకపోతే ఈ వారమే తెరవండి.

ఇల్లు పగలు నచ్చితే సరిపోదు. రాత్రి ఎనిమిది తర్వాత ఒకసారి వెళ్ళి వీధి దీపాలు, కుక్కలు, సందు మొదట్లో ఎవరు కూర్చుంటారో చూడు. లోపలి గదిలో నిలబడి అక్కకి వీడియో కాల్ చెయ్. ఆయన ఫోన్ వచ్చేది రాత్రిళ్ళే, సిగ్నల్ కోసం పిల్లల్ని వేసుకుని మేడ ఎక్కే పరిస్థితి ఉండకూడదు. ఆయన సిమ్ ప్రీపెయిడ్ అయితే ఇప్పుడే పోస్ట్‌పెయిడ్‌కి మార్పించు, మన వైపు ప్రీపెయిడ్ సిమ్ జమ్మూ కాశ్మీర్‌లో పనిచేయదు.

ఇంకొకటి, పాపకి ఆటో అక్కర్లేకుండా స్కూలుకి నడిచో సైకిలు మీదో వెళ్ళే దూరంలో దొరికితే అద్దె వెయ్యి ఎక్కువైనా అదే తీసుకో. రోజూ ఇద్దరు పిల్లల్నీ దింపి రావడానికి ఇంట్లో ఇంకో మనిషి ఉండరు. నల్లపాడు వెళ్ళొచ్చాక ఇక్కడే రాయి, టీసీ అప్లికేషన్‌తో ఏ కాగితాలు పెట్టాలో వరుసగా చెబుతాను.