అప్‌డేట్: శ్రీకాకుళంలో చూసిన పాత వెర్నా సంగతి

ఒడిశాలోని మా పర్లాకిమిడికి దగ్గరని, శ్రీకాకుళంలో అమ్మకానికున్న 2017 నాటి హ్యుందాయ్ వెర్నా పెట్రోలు కారు కొనవచ్చా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. సలహా ఇచ్చినవారందరికీ కృతజ్ఞతలు. వాలుగా దిగే పైకప్పు, ముందు గ్రిల్ మనసును లాగినా, మీరు చెప్పినట్లే మెకానిక్‌ను వెంటబెట్టుకుని వెళ్లాను. 1.6 లీటర్ల ఇంజను బాగుంది, ఆ 123 పీఎస్ (మెట్రిక్ హార్స్‌పవర్) బలం ఘాట్ రోడ్డులో తెలుస్తుంది కూడా. కానీ బానెట్ ఎత్తి చూస్తే కుడి ఫెండర్ (ముందు చక్రం పైని రేకు) బోల్టుల తలలపై రంగు లేచిపోయి ఉంది, ఆ వైపు హెడ్‌లైటు ఒక్కటే కొత్తగా మెరుస్తోంది, అంటే దెబ్బ తగిలాక ఆ భాగాలు విప్పి మార్చినట్లుంది. బండి గుద్దుకున్న మాట యజమాని చెప్పనే లేదు. పైగా ఆంధ్రా బండిని ఒడిశాకు మార్చాలంటే అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చి, ఇక్కడ రోడ్డు పన్ను కట్టాలి కాబట్టి ధర తగ్గించమన్నాను. ఆయన ఒప్పుకోకపోవడంతో వదిలేశాను. ఇప్పుడు బరంపురంలో ఒడిశా నంబరుతోనే ఉన్న హోండా సిటీ చూడబోతున్నాను. సర్వీసు రికార్డు, బీమా క్లెయిముల వివరాలు ముందే అడిగాను.