చలికాలం గానుగ పొగ, మంచు: అమ్మకు ఆయాసం, ఏం చేయాలి?

పాకాల_పల్లె:
మాది పాకాల దగ్గర పల్లె. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా తెల్లారుజామున మంచూ పొగా కలిసి ఊరిమీదే నిలబడిపోతాయి. ఇంటికి 200 మీటర్లలో బెల్లం గానుగ ఉంది. కార్శి (నరికిన మోళ్ళ నుంచి మళ్ళీ పెరిగే చెరకు) తోటల్లో చెరకు సోగ (ఎండుటాకు) కాలుస్తారు. మాకు వంట గ్యాసు మీదే, స్నానానికి నీళ్ళు మాత్రం కట్టెల పొయ్యి మీద కాస్తాం. అమ్మకు 61 ఏళ్ళు. ఈ మూడు నెలలూ దగ్గు, పిల్లికూతలు. ఫోన్లో చూస్తే తిరుపతి గాలి బాగుందనే వస్తోంది. మాస్కు చాలా? కిటికీలు మూసేయాలా? గాలి శుద్ధి మిషను కొనాలా?

గాలి_లెక్క:
ఫోన్లో కనబడేది మీ ఊరి గాలి కాదు. గాలిని కొలిచే తిరుమల యంత్రం కొండమీద ఉంటుంది, మీ గానుగ పొగ దానికెలా తెలుస్తుంది? పైగా అది 24 గంటల సగటు. ఉదాహరణకు పీఎం 2.5 (ఊపిరితిత్తుల లోపలిదాకా పోయే సన్న ధూళి, పొగ) ఘనపు మీటరు గాలికి పొద్దున మూడు గంటలు 150, మిగతా 21 గంటలు 15 ఉందనుకోండి. సగటు 32 దగ్గర తేలుతుంది, మన గాలి నాణ్యత సూచీలో అది ‘సంతృప్తికరం’. మన దేశంలో రోజు పరిమితి 60 మైక్రోగ్రాములు, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది 15.

రాత్రి నేల చల్లబడితే దాన్ని ఆనుకున్న గాలీ చల్లబడి కిందే ఉండిపోతుంది. పైన వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. ఎండ ముదిరి అది విడిచేసరికి తొమ్మిది దాటుతుంది. అమ్మ వాకిలి ఊడ్చడం, పాలకు వెళ్ళడం ఆ తర్వాతే పెట్టుకోవాలి.

మిద్దె_ఇల్లు:
కిటికీలన్నీ రోజంతా మూసేయండి, సరిపోతుంది.

గాలి_లెక్క:
రోజంతా వద్దండీ. నీళ్ళ పొయ్యి పొగ, దోమల చుట్ట పొగ లోపలే ఉండిపోతాయి. సాయంత్రం నుంచి పొద్దున తొమ్మిది దాకా మూసి, ఎండ వేళ తెరవండి. గదిలో నిప్పుల కుంపటి పెట్టుకుని తలుపులు మూయడం మాత్రం ఎప్పుడూ చేయకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది.

ముందు ఆ నీళ్ళ పొయ్యి మానేయండి, 200 మీటర్ల గానుగకన్నా అమ్మ ముఖం దగ్గరి పొయ్యే ఎక్కువ చెరుపు. 15 లీటర్ల నీళ్ళు 20 డిగ్రీలు వేడెక్కడానికి గ్యాసు 50 గ్రాములే పడుతుంది. మిషను పెంకుటింటికి దండగ, సందుల్లోంచి గాలి వస్తూనే ఉంటుంది. 10x12 అడుగుల మిద్దె గదికైతే గంటకు 170 ఘనపు మీటర్లు శుద్ధి చేసేది కావాలి.

ఊపిరి_వైద్యం:
పొగ తాగని ఆడవాళ్ళకూ కట్టెల పొయ్యి వల్ల సీఓపీడీ (ఊపిరి గొట్టాలు ఇరుకైపోయే దీర్ఘకాలపు జబ్బు) వస్తుంది. ఆస్తమానో, అదో తేల్చాలంటే స్పైరోమెట్రీ (గొట్టంలోకి ఊదించి ఊపిరి కొలిచే పరీక్ష) చేయించాలి. దగ్గు రెండు వారాలు దాటితే క్షయ ఉందేమో చూడటానికి కళ్ళె పరీక్ష కూడా, సర్కారు ఆసుపత్రిలో ఉచితం.

పంపు మందు (ఇన్‌హేలర్) రాస్తే స్పేసరుతో (పంపుకు తగిలించే గొట్టం డబ్బా) వాడించండి. లేకుంటే మందు గొంతులోనే ఎక్కువ పడుతుంది. ఊపి, ఒక్కసారి నొక్కి, నెమ్మదిగా పీల్చి పది సెకన్లు బిగబట్టాలి. రెండోది అర నిమిషం తర్వాత. స్టెరాయిడ్ పంపైతే నోరు పుక్కిలించి ఉమ్మాలి, లేకపోతే నాలుక మీద తెల్లపూత వస్తుంది. తగ్గిందని మధ్యలో ఆపేయడమే చాలామంది చేసే పొరపాటు.

తువ్వాలు, గుడ్డ మాస్కు సన్న పొగను ఆపవు. ఎన్95 రెండు పట్టీలూ తల వెనక్కి, ముక్కు దగ్గర తీగ నొక్కి పెట్టాలి. ఆయాసం ఉన్నప్పుడు మాత్రం దాంతో పని చేయించకండి. ఆక్సీమీటరు (వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసేది) చూసేటప్పుడు చేతులు వెచ్చబరచండి, గోరింటాకు లేని వేలికి పెట్టండి. కూర్చున్నా 90 లోపే ఉంటే, మాట పూర్తిచేయలేకపోతే, మగతగా ఉంటే 108కి ఫోన్ చేయండి.

గానుగ_పొయ్యి:
గానుగ ఆయనతో గొడవ పడకండి, పొగ రంగు చూపించి మాట్లాడండి. తెల్ల పొగ అంటే పిప్పి పచ్చి. గానుగాడిన పిప్పిలో సగం దాకా నీళ్ళే, బాగా ఎండబెట్టి వేయాలి. నల్ల పొగ అంటే గాలి చాలడం లేదు. ఒకేసారి కుక్కకుండా కొంచెం కొంచెంగా వేసి, చువ్వల కింద బూడిద లాగేస్తే మంట తేటపడుతుంది, పిప్పీ మిగులుతుంది. ఆ మిగులు మాట చెబితే వింటాడు. పొయ్యిలో పాత టైర్లు వేస్తే మాత్రం ఊరుకోకండి, పంచాయతీలో ఫిర్యాదు చేయండి. కార్శి సోగ కాల్చకుండా సాళ్ళ మధ్య పరిస్తే తేమ నిలుస్తుంది, కలుపూ తగ్గుతుంది.

పాకాల_పల్లె:
భోగికి మా వీధిలో టైర్లు వేస్తారు సార్, అమ్మను ఆ పూట ఎక్కడుంచాలి?

ఊపిరి_వైద్యం:
మంట మీదుగా గాలి ఎటు పోతుందో చూసి, ఎదురు వైపు బంధువుల ఇంటికి ముందు రోజు సాయంత్రమే పంపండి. తొమ్మిది దాటాక తెచ్చుకోండి. పంపు సంచిలో పెట్టడం మరవకండి.