హోఖ్ గుహ బ్రాహ్మీ రాతల్లో ఆంధ్ర తీరం వాళ్లను గుర్తుపట్టేదెలా?

యెమెన్‌కు చెందిన సొకోత్రా దీవిలోని హోఖ్ గుహ గోడల మీద క్రీ.శ. తొలి శతాబ్దాల భారతీయ నావికుల బ్రాహ్మీ రాతలున్నాయి. చాలావరకు వట్టి పేర్లే: ఫలానావాడు, ఫలానావాడి కొడుకు, ‘వచ్చాడు’.

ప్రచురించిన పాఠాల్లో ఊరి పేర్లు ఏరాను. భరుకచ్ఛం (భరూచ్), హస్తకవప్రం (హాథబ్) దొరికాయి, రెండూ గుజరాత్‌వే. కృష్ణా తీరపు ఊరొక్కటీ తగల్లేదు.

ఆపైన ఫొటోల్లోని క, ర అక్షరాలను నాగార్జునకొండ శాసనాలతో పోల్చాను, ఏమీ తేలలేదు. అక్కడ ఇక్ష్వాకుల శిల్పి ఉలితో నిలువుగీతను కిందికి సాగదీసి, కొసను అందంగా వంచుతాడు. ఇక్కడేమో బొగ్గుతోనో బురదతోనో గబగబా గీసినవి. ఆ వంపు లిపిదో చేతివాటమో చెప్పలేం.

ఊరిపేరు లేనప్పుడు, రాసింది ఆంధ్ర తీరంవాడని లిపిని బట్టి తేల్చాలంటే ఏ అక్షరం చూడాలి?