ఏటికొప్పాక లక్కపిడతలకు మళ్లీ లక్క పట్టించవచ్చా?

అందరికీ నమస్కారం. మా అమ్మ చిన్నప్పుడు ఆడుకున్న ఏటికొప్పాక లక్కపిడతలు మా ఇంట్లో ఉన్నాయి. తిరగలి, రోలు, బిందె, కుంపటి, అన్నీ కలిపి పదకొండు. మా పాపకి మూడో పుట్టినరోజున ఇద్దామని బయటికి తీసి, శుభ్రంగా ఉండాలని శానిటైజర్‌తో తుడిచాను. గుడ్డకి ఎరుపు అంటుకుంది. బిందె మీద మెరుపు పోయి జిగటగా తయారైంది. లక్క స్పిరిట్‌లో కరుగుతుందని ఆ తర్వాతే తెలిసింది. అమ్మకి ఇంకా చెప్పలేదు, ఒకటే టెన్షన్‌గా ఉంది.

అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ లక్కను ఒత్తితే, ఆ రాపిడి వేడికే కరిగి కర్రకి పడుతుందని విన్నాను. మరి ఇంత పాత బొమ్మను మళ్లీ లేత్‌కి బిగించి, పాత లక్క తీసి కొత్తది పట్టించడం కుదురుతుందా? బిందె అంచు బాగా పలచన, పగులుతుందేమోనని భయం.

ఇంకోటి. పాప ఏది దొరికినా నోట్లో పెట్టుకుంటుంది. సహజ రంగులతో ఈ కళను మళ్లీ నిలబెట్టినందుకు సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. మావి అంతకు చాలా ముందువి. వాటిలో ఉన్నది రసాయన రంగో కాదో ఇంట్లోనే తెలుసుకునే దారి ఉందా?

అనకాపల్లి వైపు వాళ్లెవరైనా ఇలాంటివి బాగుచేసే కళాకారులు తెలిస్తే దయచేసి చెప్పండి. మేం హైదరాబాద్‌లో ఉంటాం. కొరియర్‌లో పంపడానికి మనసు రావట్లేదు, నేనే తీసుకొస్తాను. అప్పటిదాకా ఆ జిగటను ముట్టుకోకుండా వదిలేయాలా?